పూటపనికి బాలింత జీతం

వైశాఖం, సోమవారం

జల్లెడల షెడ్డులో పనిచేసేవాళ్ళం పని ముగిశాక రోజూ చేత్తో ఒక పుట రాసి మర్నాడు ఇవ్వాలి. ఊరి సభ పెట్టిన నియమం. నేల మీది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి దిగితే మొదట వేళ్ళు వణుకుతాయట, ఆ వణుకు అక్షరాల్లో తెలుస్తుందట. పుటను యంత్రం చూస్తుంది. గీత వంకర పోయిందా లేదా అన్నదే దానికి కావాలి, ఏం రాశామో అక్కర్లేదు. నా పక్క సీటు నవనీత రోజూ తను తినాలనుకున్న కూరల పేర్లు రాసి ఇస్తుంది. నేను ఎక్కాలు రాసేదాన్ని. ఈ రోజు ఎక్కాల మీద మనసు నిలవడం లేదు.

నేల మీద గాలిదుమారం లేచినట్టుంది, కిందికి వచ్చే గాలిని వడగట్టి లిఫ్టులో దిగిన జల్లెడలన్నీ నల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. ఒక్కోటి మంచమంత ఉంటుంది. తొట్టిలో నానబెట్టి, ఉన్నిబట్టలో ఇరుక్కున్న దుమ్మును దువ్వెనతో దువ్వి, చిరిగినచోట కుట్టి, ఆరబెట్టి తిరిగి పైకి పంపాలి. మేం ఒక పూట మానేస్తే మూడో సొరంగంలో జనానికి ఊపిరాడదు. అయినా మాది చిన్న షెడ్డే. ఓదెలు కాక యజమాని. నేనూ నవనీత కాక ఇంకో నలుగురు. ఈ దుమ్ములో రోజంతా కూర్చోవడం ప్రమాదమని మాకు పూటపనే ఇస్తారు. పూటపని కాబట్టి సగం జీతం. పూటపని కాబట్టి, చిన్న షెడ్డు కాబట్టి, కాన్పుకు ఏమీ లేదు. నీళ్ళ మిల్లులో, దీపాల మిల్లులో రోజంతా పనిచేసే ఆడవాళ్ళకు మాత్రం బాలింత జీతం ఉంది. నేల కింది మా అడుగూరులో మొదటినుంచీ ఇంతే.

ఓదెలు కాక సభ నుంచి వస్తూ గుమ్మంలోంచే కేకేశాడు.

“నవనీతా! నీ నసీబు మంచిగున్నది బిడ్డా. పది మందికి తక్కువున్న షెడ్లల్ల పూటపని ఆడోళ్ళకు గూడ బాలింత జీతం ఇయ్యాలని తీర్మానమైంది. నువ్వు ఇంట్ల కూసుండి పొల్లనో పోరనో చూసుకో, జీతం ఇంటికే వస్తది.”

నవనీతకు ఎనిమిదో నెల. దువ్వెన తొట్టిలో జారవిడిచి “నువ్వే ఇస్తవా కాకా?” అంది.

“నేనేడికెల్లి ఇస్త? షెడ్లన్ని నెలనెలా ఇంత ఏస్తయి, సభ ఇంత కలుపుతది. నీ ఒక్కదాని బరువు నా ఒక్కని మీద పడదు.”

అందరూ లేచి ఆమె చుట్టూ చేరారు. నేను కూర్చునే అడిగాను.

“ఎప్పటిసంది కాకా?”

“ఇగ ఇప్పటిసంది.”

“ముందుగాల కన్నోళ్ళకు?”

కాక తలపాగా విప్పి దుమ్ము దులిపాడు. నా వైపు చూడలేదు. “అయిపోయినయి అయిపోయినయే గద బిడ్డా” అన్నాడు.

“మంచిగైంది చెల్లే” అన్నాను నవనీతతో. నవ్వాననే అనుకుంటున్నాను. సూది బొటనవేలిలో దిగిన సంగతి ఉన్నిబట్ట మీద ఎర్రమరక చూశాకే తెలిసింది.

వైశాఖం, బుధవారం

పూట ముగించుకుని ఇంటికి వెళ్ళేసరికి చినుకు అత్తమ్మ ఒళ్ళో కూర్చుని జావ తాగుతోంది. చినుకు నా కూతురు. మూడేళ్ళు నిండుతున్నాయి. ఎన్నడూ వాన చూడని పిల్లలకు ఇక్కడందరూ ఇలాంటి పేర్లే పెట్టుకుంటారు. మా ఆయన తిరుపతి కొత్త సొరంగం తవ్వేచోట పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురం.

చేతులు చాపాను. చినుకు నా చేతుల వైపు చూసింది. ఎవరో తెలిసినావిడ పలకరించినట్టు చూసి, నాయినమ్మ కొంగులో ముఖం దాచుకుంది.

“పో బిడ్డా, అమ్మ పిలుస్తుంది” అంది అత్తమ్మ. కానీ పిల్ల నడుము చుట్టూ ఉన్న చేతిని తీయలేదు.

చినుకు పుట్టినప్పుడు కుట్లు మానకముందే నేను షెడ్డుకు వెళ్ళాను. వెళ్ళకపోతే నా పూట ఇంకొకరికి పోయేది. రొమ్ములు రాళ్ళలా గడ్డకట్టేవి. తొట్టి వెనక నిలబడి పాలు పిండి పారబోసేదాన్ని. జల్లెడలు కడిగిన నల్లనీళ్ళలో అవి తెల్లని దారంలా కాస్త దూరం సాగి, కలిసిపోయేవి. ఇంటి దగ్గర అత్తమ్మ బియ్యపు గంజి పట్టేది. నెల తిరిగేసరికి పిల్ల నా దగ్గర పాలు తాగడం మానేసింది. రెండు నెలలకు నాకు పాలే లేవు. అప్పటినుంచి చినుకు నాయినమ్మ పక్కలోనే పడుకుంటుంది. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా నాయినమ్మ కోసమే ఏడుస్తుంది. అత్తమ్మ మంచిదే. మంచిది కాకపోతే కనీసం తిట్టుకోవడానికైనా ఉండేది.

నవనీతకు ఇవేవీ ఉండవు. దాని బిడ్డ దానిదే అవుతుంది. రాయడానికి చాలా చిన్న మాట. దువ్వెన పట్టుకున్నా, అన్నం కలుపుకున్నా అదే తిరుగుతోంది బుర్రలో.

వైశాఖం, శనివారం

ఈ పూటతో నవనీత పని ఆపింది. ఓదెలు కాక ఇంట్లోంచి మలీద ముద్దలు తెచ్చాడు. అందరం తొట్టి గట్టు మీద కూర్చుని తిన్నాం.

“ఏం చేస్తవే అన్ని నెలలు ఇంట్ల?” అని ఎవరో అడిగారు.

“ఏం చెయ్య. కూసుంట. వాడు పండుకుంటే నేను పండుకుంట. వాడు లేస్తే వాని ముఖం చూస్త” అంది నవనీత. తర్వాత నా వైపు తిరిగి, “చినుకు చిన్నగున్నప్పుడు ఏమేం చేస్తుండెనో చెప్పు అక్కా. మొదాలు ఎప్పుడు నవ్వింది?” అంది.

నాకు తెలియదు. చినుకు మొదటిసారి నవ్వినప్పుడు నేను ఇదే తొట్టి దగ్గర ఉన్నాను. ఇంటికి వెళ్ళాక అత్తమ్మ చెప్పింది, పొద్దున నవ్విందని.

“అందరు పిల్లలు నవ్వినప్పుడే నవ్వింది” అన్నాను.

మలీద తిన్నాక మిగిలిన జల్లెడలు తీగ మీద వేయాలి. తడిసిన జల్లెడ చాలా బరువు, ఎప్పుడూ చెరోవైపు పట్టుకుంటాం. నవనీత వంగి ఒక కొస పట్టుకుని నా కోసం చూసింది. నేను దారం చిక్కు తీస్తున్నట్టు తల వంచుకున్నాను. కాసేపు ఆగి తనే ఎత్తబోయింది. సగం లేపి, నడుము పట్టుకుని “అవ్వా!” అంది. అప్పుడు లేచాను.

“నువ్వు లేకపోతే నాకెవలున్నరక్కా” అంది, రెండో కొస నేను అందుకోగానే. ఎగతాళి కాదు, నిజంగానే అంది. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది.

జ్యేష్ఠం, మంగళవారం

నవనీత కొడుకును కన్నది. పూట అయ్యాక చూడ్డానికి వెళ్ళాను. దాని భర్త సాగర్ పొయ్యి మీద నీళ్ళు కాస్తున్నాడు. గదిలో వాము కాల్చిన వాసన. నవనీత గోడకు ఆనుకుని, బిడ్డను గుండెల మీద వేసుకుని ఉంది. తలంతా చెమట, కళ్ళు పీక్కుపోయాయి. ఇంత అందంగా ఎప్పుడూ లేదు.

“చూడు అక్కా, నేను మాట్లాడితే ఇటు తిరుగుతడు” అంది. “ఓ అయ్యా! ఓ దొరా!”

వాడు నిజంగానే తిరిగాడు. కళ్ళు తెరవకుండానే, గొంతు వినిపించిన వైపు ముఖం తిప్పాడు.

ఎత్తుకోమని ఇచ్చింది. ఎత్తుకున్నాను. వాడు పెదాలతో నా రవిక వెతికాడు. మూడేళ్ళుగా ఎండిపోయిన చోట చురుక్కుమంది. వెంటనే తిరిగి ఇచ్చేశాను. ఇంట్లో పని ఉందని చెప్పి వచ్చేశాను. ఇంట్లో నాకు పనేమీ లేదు. వంట అయిపోయింది, పిల్ల నాయినమ్మ కాళ్ళ మీద ఊగుతోంది.

జ్యేష్ఠం, శుక్రవారం

సభ నుంచి ప్రసూన గారని ఒక అధికారి వచ్చింది. బాలింత జీతం ఇచ్చేముందు విచారణ చేయాలట. కాన్పుకు ముందు ఏడాది తెగకుండా పనిచేసి ఉండాలన్నది షరతు. నవనీత విషయంలో ఒకచోట తెగినట్టు కనిపిస్తోందట.

ఎక్కడ తెగిందో నాకు ఆమె చెప్పకముందే అర్థమైంది. పోయిన వానాకాలంలో నేల మీద కురిసిన వానకు మూడో సొరంగం కప్పు కుంగి, సభవాళ్ళు మా షెడ్డుకు తాళం వేశారు. కానీ జల్లెడలు ఆగితే సొరంగంలో గాలి ఆగుతుంది. ఓదెలు కాక వాటిని చాటుగా నవనీత ఇంటికి మోసుకొచ్చాడు. గుమ్మానికి తడి దుప్పటి కట్టి, ముక్కులకు గుడ్డలు కట్టుకుని, నేనూ నవనీతే వాటిని దువ్వాం, కుట్టాం. దుమ్ము జల్లెడలను నివాసాల్లోకి తేవడం నేరం. కాకకు అది తెలుసు, మాకూ తెలుసు. అప్పటికి నవనీతకు నెల తప్పిందని మాత్రం మాలో ఎవరికీ తెలియదు. తనకు కూడా.

“తాళం ఏసి ఉండె మేడం” అన్నాడు కాక, అధికారి అడగ్గానే. “తాళం ఏసినంక పనేడిది?” షెడ్డు అనుమతి పోతుందని ఆయన భయం.

“ఆ రోజుల్లో కూడా పనిచేశానని నవనీత అంటోంది. ఎక్కడ చేసిందో మాత్రం చెప్పడం లేదు” అంది ప్రసూన గారు. చెప్తే కాక మునుగుతాడని నవనీత చెప్పి ఉండదు. ప్రసూన గారు నా వైపు తిరిగింది. “విజయేందిర గారూ, మీది పక్క సీటు. ఆమె అప్పుడు పనిచేసిందా?”

కాక నేల చూపులు చూస్తున్నాడు. మిగిలిన వాళ్ళ దువ్వెనలు ఆగిపోయాయి.

“నాకు యాదికి లేదు మేడం” అన్నాను.

ఆమె “సరే” అని వెళ్ళిపోయింది. కాక నా భుజం మీద చెయ్యి వేసి, “బతికిచ్చినవ్ బిడ్డా” అన్నాడు.

కాక కోసమే అలా అన్నానని రాయవచ్చు. నాకూ శిక్ష పడుతుందని భయపడ్డానని రాయవచ్చు. రెండూ నిజమే, కానీ అవి తర్వాత తోచినవి. ఆమె అడిగిన క్షణాన నా కళ్ళకు కట్టింది సాగర్ కాస్తున్న వేడినీళ్ళు, గొంతు వైపు తిరిగిన ఆ పసిముఖం.

జ్యేష్ఠం, సోమవారం

నవనీత తిరిగి పనికి వచ్చింది.

బిడ్డను చీరముక్కలో వేసి గుండెలకు కట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. నడకలోనే తెలుస్తోంది, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

“రాదట అక్కా” అంది నా పక్కన కూర్చుంటూ. “సంవత్సరం తెగిందట. ఇంట్ల కూసుంటే నా పూట వేరేటోళ్ళకు పోతది. సాగర్ ఒక్కని పనితోని ఎట్ల ఎల్తది?” కాక వినకుండా గొంతు తగ్గించింది. “కాకను ఏమనలేను. ఆయన షెడ్డు పోతే మనందరం పోతం.”

నన్ను అడిగారనీ, నేనేమన్నానన్నదీ దానికి తెలియదు.

ఆ క్షణం నా లోపల ఏదో చల్లగా సర్దుకుంది. సంతోషమని అనలేను. చాలాసేపు ఒక్కదాన్నే నిలబడ్డ వరుసలో నా వెనక ఇంకొకరు వచ్చి నిలబడితే కలిగే ఊరట లాంటిది. జల్లెడ రెండో కొస దానికి అందించాను. వంగినప్పుడు చూస్తే దాని రవిక ముందు తడిసి ఉంది. అది తొట్టి వెనక్కి లేచి వెళ్ళినప్పుడు, ఎందుకు వెళ్ళిందో నేను తలెత్తి చూడలేదు.

సగం పూట దాకా వాడు చీరముక్కలోనే పడుకున్నాడు. తర్వాత దగ్గడం మొదలెట్టాడు. పసివాళ్ళ ముక్కుకు సరిపోయే ముసుగులు లేవు. ఆ దగ్గు పెద్దగా ఏమీ లేదు, పిల్లి తుమ్మినట్టుంది. కానీ షెడ్డులో అందరికీ వినబడింది.

“రేపటిసంది పిల్లగాన్ని తేకు” అన్నాడు కాక. ఆ మాట ఎంత మెత్తగా అనాలో అంత మెత్తగా అన్నాడు. “దుమ్ము కడుపుల పడ్తది.”

“ఏడ పెట్టి రావాలె కాకా? మా అమ్మ లేకపాయె, మా అత్త లేకపాయె.” నవనీత నా వైపు చూసింది. “అక్కా, మీ అత్తమ్మ చూస్తదా? చినుకును మంచిగ పెంచింది గద.”

కాదనడానికి నా దగ్గర ఏ కారణమూ లేదు.

జ్యేష్ఠం, గురువారం

అత్తమ్మకు సంబరంగా ఉంది. పాత ఊయల దించి కడిగింది. వాడికి గంజి పట్టడం, కాళ్ళు చాపి నీళ్ళు పోయడం, సాంబ్రాణి పట్టడం, అన్నీ వరుసగా జరిగిపోతున్నాయి. చినుకు ఆమె వెనకే తిరుగుతూ గుడ్డలు అందిస్తోంది.

ఈ రోజు పూట అయ్యాక నేనూ నవనీత కలిసే మా ఇంటికి వచ్చాం. దారంతా అది పరుగు లాంటి నడక నడిచింది. వాడు అత్తమ్మ గుండెల మీద బోర్లా పడుకుని, చెంప ఆనించి నిద్రపోతున్నాడు. నవనీత గుమ్మంలోనే నిలబడి పిలిచింది.

“ఓ అయ్యా! ఓ దొరా!”

వాడు కళ్ళు విప్పాడు. ముఖం ఎటు తిప్పాలో తెలియనట్టు కాస్త కదిలి, మళ్ళీ అత్తమ్మ మెడ కిందికే దూరాడు. అత్తమ్మ నెమ్మదిగా తీసి ఇస్తే ఏడుపందుకున్నాడు. నవనీత అక్కడే కూర్చుని రవిక విప్పి పాలివ్వబోయింది. వాడు నోటితో అటూ ఇటూ తడుముకున్నాడు, పట్టలేదు. గంజితో కడుపు నిండి ఉంది.

నవనీత నా వైపు చూసి నవ్వబోయింది. ఆ నవ్వు నాకు తెలుసు. రోజూ ఈ గుమ్మంలో నిలబడి నేను నవ్వేదే.

అది వాణ్ణి తీసుకుని వెళ్ళిపోయాక అత్తమ్మ ఊయల మడత పెడుతోంది. నాకేమైందో తెలియదు, కసిగా అన్నాను.

“నా బిడ్డ సాలక, ఇప్పుడు దాని కొడుకును గూడ నీ దిక్కు తిప్పుకుంటున్నవ్.”

అత్తమ్మ ఊయల కింద పెట్టింది. కోప్పడుతుందనుకున్నాను. వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“నేను గుంజుకున్న అనుకుంటున్నవ్ కదనే, ఇన్నేండ్లసంది. నేను చూస్తనే ఉన్న నీ ముఖం. గుంజుకోలేదు బిడ్డా, నువ్వు నా చేతుల పెట్టి పోయినవ్. పెట్టకుంటే నీ పూట పోతుండె. నన్నేం చెయ్యమంటవ్? ఏడ్చేదాన్ని ఏడ్వనియ్యాల్నా? ఎత్తుకున్న. ఎత్తుకుంటే నాకు అలవాటైంది, దానికి అలవాటైంది. ఇప్పుడు ఈ పోరడు గూడ గట్లనే అయితడు. ఇంకో నెల చూడు.”

నేను ఊయల అందుకుని మడత పెట్టసాగాను.

“దానికి జీతం ఇస్తమన్నరు గద, ఎందుకు ఇయ్యలేదు?” అంది అత్తమ్మ.

“ఎవలు సాక్ష్యం చెప్పలేదట” అన్నాను.

జ్యేష్ఠం, శనివారం

పూట మొదలుకాకముందే ఓదెలు కాక దగ్గరికి వెళ్ళి చెప్పాను, సభకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్తానని.

“నన్ను ముంచుతవా?” అన్నాడు.

“ఊరికి గాలి ఆగొద్దని చేసినవ్ కాకా. అది గూడ చెప్త.”

“వాళ్ళకు అదేం పట్టది. నేరం నేరమే అంటరు. ఇంత చేసి నీకేమొస్తది? నీకైతే ఇయ్యరు గద ఆ జీతం!”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అవును, నాకు ఇవ్వరు. ఆ సంగతి కాక కంటే నాకే ఎక్కువ తెలుసు. బయటికి నడిచాను. వెనకనుంచి కాక ఇంకేదో అరిచాడు, తొట్టిలో నీళ్ళు వదిలిన చప్పుడులో వినబడలేదు.

ప్రసూన గారు నా మాటలన్నీ విని రాసుకుంది. ఎవరి ఇంట్లో చేశాం, గుమ్మానికి ఏం కట్టాం, తయారైన జల్లెడలు ఎవరు మోసుకెళ్ళారు, అన్నీ అడిగింది. చివరికి కలం ఆపింది.

“ఆ రోజు గుర్తు లేదన్నారు. ఇప్పుడెలా గుర్తొచ్చింది?”

“యాది ఎన్నడు పోలేదు మేడం. నాకు రానిది దానికొస్తుందని కడుపు మండింది.”

ఆమె నవ్వలేదు, చిరాకు పడలేదు. “ఇలాగే రాయనా?” అంది.

“రాయుండ్రి.”

“ఈ వాంగ్మూలం నవనీత ముందు చదివి వినిపించాలి. అది పద్ధతి. తెలుసా?”

తెలియదు. అయినా తల ఊపాను.

లేవబోతూ అడిగాను. “ముందుగాల కన్నోళ్ళకు ఏమన్న ఉంటదా మేడం? మూడేండ్ల కింద.”

“లేదండీ.”

“అడుగుడు తప్పు గాదు గద?”

“తప్పు కాదు” అంది. నేను బయటికి వచ్చేశాను. నడుస్తుంటే కాళ్ళు తేలిగ్గా అవుతాయనుకున్నాను, కాలేదు. నవనీతకు జీతం వస్తుంది. ఆ మాట తలచుకుంటే ఇంకా కుళ్ళుగానే ఉంది.

ఆషాఢం, సోమవారం

తీర్పు వచ్చింది. చాటుగా చేసినా పని పనే అన్నారు. ఏడాది తెగలేదన్నారు. నవనీతకు బాలింత జీతం మొదలైంది, నిన్నటినుంచి అది ఇంట్లోనే ఉంది.

షెడ్డు అనుమతి పోలేదు. ఊరికి గాలి ఆగకుండా చూశాడన్నది కాకకు కలిసొచ్చింది. కానీ జరిమానా వేశారు, షెడ్డు తలుపు మీద హెచ్చరిక పలక తగిలించారు. కాక నాతో మాట్లాడటం లేదు. దుమ్మును ఇళ్ళ మధ్యలో పెట్టినందుకు, విచారణలో నిజం దాచినందుకు కలిపి నన్ను నెల రోజులు పనిలోంచి తీసేశారు. జీతం లేదు. నవనీత శిక్ష సెలవు తీరాక అనుభవించాలట. నా పూట పోకుండా నా సీటులో కాకే కూర్చోవాలన్నారు. దువ్వెన పట్టడం ఆయనకు చేతకాదు. అది చూడలేకపోతున్నానన్నదొక్కటే నాకు లోటు.

పనికి వెళ్ళకపోయినా పుట రాసి పంపాల్సిందే. అందుకే ఇది.

ఇంట్లో నేనేం చేయాలో ఎవరికీ తెలియదు. పొద్దున అత్తమ్మ, నేను ఒకేసారి పొయ్యి దగ్గరికి వెళ్ళాం. చినుకు నన్ను వింతగా చూస్తోంది. మధ్యాహ్నం దాటాక రావాల్సిన మనిషి పొద్దున్నుంచీ ఇక్కడే ఎందుకుందో దానికి అర్థం కావడం లేదు. జడ వేస్తానంటే పారిపోయింది. అన్నం పెడతానంటే ముద్ద నోట్లోనే పెట్టుకుని నాయినమ్మ వైపు చూసింది.

ఆషాఢం, గురువారం

పొద్దున అత్తమ్మ నీళ్ళ వరుసలో నిలబడటానికి వెళ్ళింది. చినుకు మూలన గిన్నెలు పేర్చుకుని ఆడుకుంటోంది. గుమ్మంలోకి నవనీత వచ్చింది. చీరముక్కలో కొడుకు.

“తిట్టనీకె వచ్చిన” అంది.

“కూసో” అన్నాను.

కూర్చుంది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, వాణ్ణి ఒళ్ళో సర్దుకుని మొదలుపెట్టింది. “నీ మాటలన్ని చదివి వినిపిచ్చిన్రు నాకు. కడుపు మండిందట! నేను నీకేం చేసిన? నిన్ను అక్కా అనుకుంట తిరిగిన. నీ అత్త దగ్గర కొడుకును పెట్టిన. వాడు దగ్గుకుంట షెడ్డుల పండుకున్ననాడు గూడ నువ్వు నా పక్కనే కూసున్నవ్, నోరిప్పలేదు. ఎట్ల కూసున్నవే?”

“తెల్వది” అన్నాను. “నిన్ను చూస్తే నాకు ఇంక గూడ మండుతనే ఉన్నది.”

నవనీత కళ్ళు పెద్దవి చేసింది. “ఇప్పుడు గూడనా?”

“ఇప్పుడు గూడ. నువ్వు గట్ల కాళ్ళు చాపి కూసుంటే.”

దాని కళ్ళ కింద నల్లటి చారలు. రాత్రంతా వాడు పడుకోనివ్వలేదట. గంజి మాన్పించి మళ్ళీ పాలు అలవాటు చేస్తోందట. నాలుగు రోజులుగా ఏడుస్తూనే ఉన్నాడట, నిన్నటినుంచే పట్టుకుంటున్నాడట. ఇవన్నీ తిట్ల మధ్యలోనే చెప్పింది. తర్వాత వాణ్ణి తీసి నా చేతుల్లో పెట్టింది.

“పట్టుకో. నిన్ను మంచిగ తిట్టాలంటే నాకు ఓపిక ఉండాలె. జెరసేపు కన్ను మూస్త, లేచినంక తిడ్త.”

నిజంగానే నిద్రపోయింది. తల పక్కకు వాలి, నోరు కొంచెం తెరుచుకుని. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. వాడి నోట్లో పాల వాసన. దాని పాల వాసన. చురుక్కుమంది, కానీ ఈసారి తిరిగి ఇవ్వడానికి ఎవరూ మేలుకుని లేరు. కాలు ఊపాను. వాడు పిడికిలితో నా వేలు పట్టుకున్నాడు.

మూలన గిన్నెల చప్పుడు ఆగింది.

చినుకు లేచి వచ్చింది. నా మోకాలి దగ్గర నిలబడి, నా ఒళ్ళో ఉన్నవాణ్ణి చూసింది. నా వేలు పట్టుకున్న పిడికిలిని చూసింది. దాని కింది పెదవి ముందుకు వచ్చింది. నాయినమ్మను వెతుక్కుంటూ గుమ్మం వైపు వెళ్తుందనుకున్నాను.

వెళ్ళలేదు. వాడి కాళ్ళు రెండు చేతులా పట్టి పక్కకు నెట్టింది.

“తియ్యి” అంది.

“తమ్ముడే. నవనీత చిన్నమ్మ కొడుకు” అన్నాను మెల్లగా.

“తియ్యి! పాపోన్ని తియ్యి!” ఏడుపు లంకించుకుంది. ముఖమంతా ఎర్రగా చేసుకుని, నా చీర పట్టుకుని, మోకాలి మీద కాలు వేసి ఎక్కడానికి చూసింది. జారింది. మళ్ళీ ఎక్కింది. వాడి పిడికిలి నుంచి నా వేలు లాగేసి, తన గుప్పిట్లో బిగించింది.

నవనీత ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసింది.

వాణ్ణి ఎడమ చేతి మీదికి జరిపాను. మిగిలిన ఒడిలో చినుకు మోచేతులతో, మోకాళ్ళతో చోటు చేసుకుని కూర్చుంది. దాని మోచేయి నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. వాడు కదిలినప్పుడల్లా కోపంగా అటు చూసి, ఇంకాస్త నా మీదికి ఒరుగుతోంది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. బయట అత్తమ్మ బిందె దించిన చప్పుడైంది. చినుకు తల తిప్పి గుమ్మం వైపు చూసింది కానీ, దిగలేదు.